రెండో కేక

కందాళ హైమవతి అనే ఇంజినీరు మీద నాకు కోపం. ఆవిడ పెద్ద చదువు చదివిన మనిషి, నేను ఏడో క్లాసు మధ్యలో బడి మానేసినవాణ్ణి. కాబట్టి నా కోపం ఎవరికీ పట్టదని నాకు తెలుసు. విచారణ కమిటీ నూట పన్నెండు పేజీలు రాసింది. అందులో నా పేరు ఒక్కచోట వచ్చింది, అదీ తప్పుగా. నా పేరు పోలయ్య కాదు, చింతా పోలేశ్వరరావు. పెదలంక కాలువ చివర చీలే తాటిపాయ మీద ఇరవై ఆరేళ్లు లస్కరుగా చేశాను.

లస్కరంటే కాలువ గట్టున తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తి దించేవాడు. పెదలంక కాలువ మీద మొత్తం నూట నలభై తూములు. అందులో తాటిపాయ మీదున్న ఇరవై మూడూ నావి. పొద్దు పొడిచేసరికి గట్టెక్కేవాణ్ణి. ప్రతి తూము దగ్గరా ఆగి దాని పేరు పెట్టి కేకేసేవాణ్ణి. "ఎద్దుల తూమోయ్" అంటే ఆ రోజు వంతున్న రైతు పొలంలోంచి "ఓయ్" అనేవాడు. పలికితే షట్టరు ఎత్తడం, లేకపోతే లేదు. మా మేనమామ దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. ఇందులో ఇంకో ముక్క కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే నా కొంప ముంచింది ఆ ముక్కే.

హైమవతిగారు మంచిమనిషి కాదని నేను అనను. చెప్పులు చేత పట్టుకుని నలభై రోజులు నా వెనక బురదలో నడిచింది. ఆఫీసువాళ్లు ఇచ్చిన తూముల లిస్టు ఆవిడ చేతిలో ఉండేది. లిస్టులో నూట నలభై ఉన్నాయి. నడిచి చూస్తే తొమ్మిది ఎప్పుడో కూలిపోయాయి, రైతులు సొంతంగా పెట్టుకున్నవి మరో తొమ్మిది తేలాయి. లెక్క సరిపోయింది, తూములు మాత్రం వేరు.

"ఇందులో నిజమెంత బాబాయిగారూ?" అని అడిగింది ఓ రోజు గట్టు మీద కూలబడి.

"రాసిన రోజున అంతా నిజమేనమ్మా" అన్నాను.

ఆ మాటకి చాలాసేపు నవ్వింది. ఇక తను లిస్టు రాయనని చెప్పింది. రాయకుండా నూట నలభై తూములు ఎలా నడుపుతారమ్మా అంటే, చూపిస్తా రమ్మంది.

లాకుల దగ్గర పాత ఇన్‌స్పెక్షన్ బంగళా ఆవిడ ప్రయోగశాల. బల్ల మీద నాలుగు పెట్టెలు, పాలక్యాను మూతంత తెర ఒకటి. ప్రతి తూముకీ అలాంటి పెట్టె ఒకటి బిగిస్తారట. షట్టరు ఎత్తేది, దించేది, వరదొస్తే సైరను మోగించేదీ ఆ పెట్టే. పెట్టెలన్నీ గాలిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ మాటలు చెడకుండా చూసే పెద్ద యంత్రం ఒకటి గోడకు వేలాడుతోంది. దాన్ని కంట్రోలరు అన్నది ఆవిడ.

తెర మీద నాలుగు పేర్లు వెలుగుతున్నాయి. నేను చెప్పిన పేర్లే. మునసబు తూము, చింతగుంట తూము, ఎద్దుల తూము, నాగరత్తం తూము. చివరిది మాది. పాయకు ఆఖరి తూము అది. దాని కింద ఉన్న పొలం నా భార్య నాగరత్తం పేరనే ఉంది, అందుకని ఆ పేరు.

ఒక పెట్టె వైరు పీకమంది. ఎద్దుల తూము పీకాను. కాసేపటికి తెర మీద ఆ పేరు పోయింది. మళ్లీ పెట్టమంది. పెట్టాను, వచ్చింది.

"కంట్రోలరు ఎప్పుడూ పిలుస్తూనే ఉంటుంది. ఇవి పలుకుతూ ఉంటాయి. పలికినవాళ్లే లిస్టు" అన్నది. "తూములు ఎత్తడానికి, దించడానికి, వరద మళ్లించడానికి స్క్రిప్టులు, అంటే యంత్రం వరసగా చెయ్యాల్సిన పనులు, రాసి పెట్టాను. పని మొదలెట్టే ముందు ప్రతిదీ దీన్నే అడుగుతుంది, ఇప్పుడెవరున్నారని. అప్పుడు ఎవరుంటే వాళ్లకే పని చెబుతుంది. ఇక పాత లిస్టు అనేదే ఉండదు."

"ఇది మా కేకేగదమ్మా" అన్నాను.

ఆవిడ నా వంక చూసి, అవును కదా అని, ఆ యంత్రానికి పెద్ద లస్కరని పేరు పెట్టింది. మాటలు కాపలా కాసే కంట్రోలరుకి తూముల లెక్క అప్పజెప్పడమేంటని ఆవిడ పైవాడెవరో ఫోనులో కసురుకున్నాడు. దీనికి తెలిసినంత నిజం మీ కాగితాలకు తెలీదండీ, అని ఈవిడ బదులిచ్చింది. ఆ రోజు ఆవిడ పక్షాన నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మొదటి పెద్ద పరీక్ష జ్యేష్ఠంలో పెట్టారు. నూట నలభై తూములూ ఒకేసారి దించాలి. పది దిగాయి. పదకొండోదాని వైరు ఎలకలు కొరికేశాయి. కాలువ మీద మాట అప్పుడప్పుడూ తెగుతుందని, బల్ల మీద చేసినట్టు పలకని పేరు తీసెయ్యకుండా ఉంచారు. అది పలకదు, స్క్రిప్టు దాన్ని వదలదు. దాని జవాబు కోసం కాచుకుని కూర్చుంది. ఈలోగా దిగువన దించాల్సినవి దిగక మునసబు తూము దగ్గర నీళ్లు గట్టు పొర్లి నారుమళ్లు మునిగాయి. గంధం వెంకటస్వామి అని, నాకు బావ వరస, ఆ మళ్లు అతనివి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, "ఏం బావా, మీ పెద్ద లస్కరుకి మొహమాటం ఎక్కువనుకుంటా, పలకరించిందాకా కదల్లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం హైమవతిగారు బంగళా మెట్ల మీద కూర్చుని ఉంది. అన్నం తినలేదని మొహం చూస్తే తెలుస్తోంది. పలకని పెట్టెను ఏం చెయ్యాలో తేలడం లేదు. లిస్టులో ఉంచితే మిగతా పని ఆగిపోతుంది.

"మీరేం చేసేవాళ్లు బాబాయిగారూ? కేకేస్తే పలక్కపోతే? ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్కలో అడిగింది. నేను ఒక్క ముక్కలో చెప్పాను. "పలక్కపోతే లేనట్టే."

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రే అది కంట్రోలరులోకి ఎక్కింది. నాలుగు గంటలు పలకని పెట్టె లేనట్టే. ఒక పాయ మీద ఒక్క పెట్టె కూడా లేకపోతే ఆ పాయ కింద సాగు లేనట్టే. మర్నాడు పరీక్ష దివ్యంగా జరిగింది. ఫొటోలు దిగారు. నన్ను కూడా పక్కన నిలబెట్టారు.

తొలకరి సార్వా పంట మొదలయ్యేనాటికి నా కేక అవసరం తీరిపోయింది. ఉద్యోగం తీసెయ్యలేదు, పని మార్చారు. పెట్టెల మీద బూజు దులపడం, తీగలు పాకితే పీకడం, ఎలకలు చేరకుండా చూడడం. ఒక్కో పెట్టెకీ అడుగున చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఆపే మీట. ఆ మూతల తాళం చెవి మాత్రం నాకు ఇచ్చారు. నాగరత్తం ఆ చెవిని తన తాళాల గుత్తికే తగిలించి, "ఇరవై ఆరేళ్లకి బీరువా తాళం ఇచ్చారు, లోపల ఏమీ లేదు" అంది.

దానికి మాటలు ఎక్కువ. పని అంతకన్నా ఎక్కువ. మా పొలం సగం చౌడుగా ఉన్నప్పుడు కొన్నాం. నేను గట్టు మీద తిరుగుతుంటే అది పన్నెండేళ్లు చెరువుమట్టి తట్టల్తో మోసి, జనుము చల్లి కలియదున్నించి ఆ నేలను దారికి తెచ్చింది. ఆ ఏడు వరి పొట్టమీద ఉంది. పొద్దున్నే వెళ్లి వెన్నులు ఎక్కడిదాకా వచ్చాయో పొట్ట నొక్కి చూసుకునేది, కడుపుతో ఉన్న కూతుర్ని చూసుకున్నట్టు.

నిజం చెప్పాలంటే పెట్టెలొచ్చాక నీళ్లు బాగానే వచ్చాయి. చివర పొలాలకు కూడా వచ్చాయి. నా హయాంలో అన్ని నీళ్లు నేనివ్వలేకపోయాను. అది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

దసరా వచ్చింది. మా వైపు మహర్నవమి రోజున పనిముట్లకు పూజ చేస్తారు. నాగలి, కొడవలి, ట్రాక్టరు, మోటారు, కుట్టుమిషను, ఏదైనా సరే కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి దండ వేస్తారు. ఆ రోజు దానితో పని చేయించకూడదు. ఏడాదంతా మనకోసం అరిగిన దానికి ఒక్కరోజు విశ్రాంతి. మా నాన్న ఆ రోజు గడ్డం గీసే కత్తి కూడా ముట్టేవాడు కాదు.

వెంకటస్వామే మొదలెట్టాడు. "ఇవి మాత్రం పనిముట్లు కావా బావా? పాపం, రాత్రీ పగలూ నిలబడే ఉంటాయి" అన్నాడు. రైతులంతా అవునన్నారు. నేను హైమవతిగారికి ఫోను చేశాను. పెట్టెలకు పూజ చేసుకుంటామమ్మా అన్నాను. చాలా సంతోషం బాబాయిగారూ, ఫొటో పంపండి అంది. పూజంటే ఆపడమని నేను విడమరిచి చెప్పలేదు. ట్రాక్టరు ఆడుతుండగా ఎవరైనా బొట్టు పెడతారా? పూజంటే ఏమేం చేస్తారని ఆవిడా అడగలేదు.

నవమి పొద్దున్న ఏడింటికి మొదలెట్టాం. ఆకాశం శుభ్రంగా ఉంది. ఎగువన రెండురోజులుగా వానలని, కాలువకు వరద నీరు రావచ్చని ఫోన్లలో చెబుతున్నారు, కానీ అది చూసుకునే బాధ్యత ఇప్పుడు పెద్ద లస్కరుది. ఒక్కో పెట్టెనీ తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, బంతిపూల దండ వేసి, మూత తీసి, మీట నొక్కాను. చిన్న ఆకుపచ్చ దీపం ఆరిపోయేది. ఇరవై మూడు దీపాలు నా చేత్తోనే ఆర్పాను. ఎనిమిదిన్నరకి ఆఖరిదైన నాగరత్తం తూము దగ్గర కొబ్బరికాయ కొట్టాం. ఫొటో పంపాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగొచ్చింది.

పన్నెండున్నరకి నాలుగు గంటలు నిండాయి. బంగళాలో తెర మీద నూట పదిహేడు పేర్లు మిగిలాయి. హైమవతిగారు ఆ తెర ముందే ఉంది, వరద పని మీద. ఆవిడకి తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఆ తెర మీద ఉన్నవాళ్లే కనపడతారు. పోయినవాళ్ల జాగా కనపడదు, కిందిపేరు పైకి జరిగి కూర్చుంటుంది. నేను వంతులు రాసుకునే పుస్తకంలో కొట్టేసిన పేరైనా కొట్టేసినట్టు కనపడేది.

ఒంటిగంటా పదికి కాలువ నిండింది. వరద స్క్రిప్టు లేచి కంట్రోలరుని అడిగింది, ఇప్పుడెవరున్నారని. ఎక్కువైన నీళ్లు సాగులేని పాయలోకి మళ్లించాలని దానికి రాసిపెట్టారు. తాటిపాయ కింద ఎవరూ లేరని జవాబొచ్చింది. తాటిపాయలోకి నీళ్లు వదిలే హెడ్డు షట్టరు నిండా లేచింది. సైరన్లు కూడా లిస్టులో ఉన్నవాటికే మోగాయి. మావి దండలు వేసుకుని నిద్రపోతున్నాయి.

నేను అప్పుడు వెంకటస్వామి ట్రాక్టరు దగ్గర శనగలు పంచుతున్నాను. నాగరత్తం పులిహోర గిన్నె పట్టుకుని పొలానికి వెళ్లింది, మన పెట్టెకి నైవేద్యం పెట్టొస్తానని. ముందు పాయ ఎగువనుంచి కేకలు వినిపించాయి. తర్వాత చప్పుడు. ఇరవై ఆరేళ్లు ఆ పాయ మీద తిరిగాను, ఆ చప్పుడు దానిది కాదు. చేతిలో పళ్లెం ఏం చేశానో గుర్తులేదు. గట్టు మీద పరిగెత్తాను. నాతోపాటే, నా కన్నా ముందుగా, ఎర్రటి నీళ్లు పరిగెత్తుతున్నాయి.

నేను వెళ్లేసరికి ఆఖరి మలుపులో గండి పడింది. మా పొలం పక్కనే. గట్టు ముక్కలు ముక్కలుగా విరిగి నీళ్లలో పడుతోంది. నాగరత్తం పెట్టె బిగించిన ఇనప స్తంభాన్ని వాటేసుకుని నిలబడి ఉంది, నీళ్లు నడుం దాకా. రెండో చెయ్యి పెట్టె అడుగున ఉంది. మూత తెరిచే ఉంది, తాళాలగుత్తి దానికే వేలాడుతోంది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

తర్వాత అడిగాను, అది నొక్కాలని ఎలా తోచిందే అని.

"పొద్దున్న నువ్వు పడుకోబెట్టావు. లేపితే ఏదో ఒకటి చేస్తుందనుకున్నాను" అంది.

ఒంటిగంటా నలభై ఆరు నిమిషాలకి తాటిపాయ మీద ఒక పెట్టె పలికింది. ఇది కమిటీ రిపోర్టులోనే ఉంది, అరవై మూడో పేజీ. పెద్ద లస్కరు దాన్ని లిస్టులో చేర్చింది. వరద స్క్రిప్టు మళ్లీ అడిగింది, ఈసారి ఒకరున్నారని తెలిసింది. హెడ్డు షట్టరు దిగింది. నాగరత్తం ఏ క్లాసూ చదవలేదు. దాని వేలు మిగతా ఇరవై రెండు తూముల కింది పంటను కాపాడింది. మా పొలం మీద మాత్రం అప్పటికే గండి నోరు తెరిచి ఉంది. రెండు రోజులు నీళ్లు నిలిచి, తీసేసరికి చూస్తే వరి లేదు. నడుమెత్తు ఇసుక మేట. ఓ మూల మాత్రం గండి నీళ్లు కోసుకుంటూ పోయి, అటువైపు మురుగుకాలువలో కలిశాయి.

నాలుగోరోజు హైమవతిగారు వచ్చింది. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. ఇసుక మీదున్న మా ఇద్దరి దగ్గరికీ వచ్చి నిలబడింది. తర్వాత, ఆ మధ్యాహ్నం తెర మీద ఉన్నట్టుండి ఒక్క పేరు వచ్చి చేరిందని, నాగరత్తం తూము అని, అప్పుడే మిగతా ఇరవై రెండూ ఏవని వెతుక్కున్నానని చెప్పింది.

"మీరు చెప్పిందే పెట్టాను బాబాయిగారూ. పలక్కపోతే లేనట్టే అన్నారు."

"సగం పెట్టావు" అన్నాను. ఆవిణ్ణి నువ్వు అనడం అదే మొదటిసారి.

అప్పుడు చెప్పాను. కేకేస్తే పలక్కపోతే లేనట్టే. అది మొదటి కేక సంగతి. లస్కరు ఆ తూము దాటి వెళ్లిపోడు. గట్టు దిగుతాడు. పొలం మధ్యకి వెళ్లి, మనిషి లేకపోతే ఇంటిదాకా వెళ్లి, గుమ్మంలో నిలబడి రెండో కేక వేస్తాడు. ఈ వెంకటస్వామి నాన్న ఓ పొద్దున్న పలక్కపోతే మా మేనమామ దిగి చూశాడు. పాము కరిచి గట్టు కింద పడి ఉన్నాడు. భుజాన వేసుకుని ఆస్పత్రికి మోశాడు, వచ్చి అతని వంతు నీళ్లు తనే పెట్టాడు. పలకనివాడికి జ్వరమొచ్చి ఉండొచ్చు, ఇంట్లో పురుడు జరుగుతూ ఉండొచ్చు, పండగై ఉండొచ్చు. రెండో కేక వెయ్యకుండా ఒకడి వంతు ఇంకొకడికి ఇచ్చిన లస్కరుకి మా వైపు పిల్లనివ్వరు.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఒక్క ముక్కలో అడిగావు."

నాగరత్తం నా చెయ్యి లాగింది, చాల్లే అన్నట్టు. నేను ఆగలేదు. మనిషి పలక్కపోతే వెళ్లి చూడాలని కూడా ఒకడు చెప్పాలా, ఆ పాటిది చదువులో రాదా అని అడిగాను. ఆవిడ ఏడ్చింది. నాకు జాలి వెయ్యలేదు. ఇప్పటికీ వెయ్యదు. నా తప్పు లేదని కూడా నేను అనను, ఆ మీటలు నేను నొక్కినవే. అయితే నా తప్పుకి నేను ఇసుకలో నిలబడ్డాను. ఆవిడ తప్పుకి కూడా నేనే నిలబడ్డాను.

కమిటీ ముందు నాలుగుసార్లు వెళ్లాను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కంట్రోలరు అబద్ధం చెప్పలేదు, ఆ గంటలో తాటిపాయ మీద ఎవరూ పలకలేదు, అది నిజం అన్నారు. వరద స్క్రిప్టు తనకిచ్చిన లిస్టు ప్రకారం సరిగ్గానే చేసింది, కాలువ పక్కనున్న టౌను మునక్కుండా కాపాడింది కూడా అన్నారు. కాబట్టి తప్పెవరిదీ కాదని తేల్చారు. ఎవరి తప్పూ లేకుండా ఇంత ఇసుక ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అని అడిగాను. రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి నా వంక చూశాడు, రాయలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత. నష్టపరిహారం కూడా ఇప్పుడు స్క్రిప్టే తేలుస్తుందట. ఏ పొలం సాగులో ఉంది, ఏది లేదని అది కూడా పెద్ద లస్కరునే అడిగింది. ఒంటిగంటా పదికి ఎవరున్నారు అని. మా పాయ మీద ఎవరూ లేరు కాబట్టి మాది సాగులో లేని నేల. పొట్టమీదున్న వరికి నేను ఏ కాగితం చూపించను? కావాలంటే మా ఆవిడ వేళ్లని అడగండి అన్నాను. గండి వెడల్పు చేసి అటే ఉంచేస్తే వరదనీళ్లు పోవడానికి వీలుగా ఉందని ఇంజినీర్లు తేల్చారు. రికార్డులో ఇప్పుడు మా ముక్క నీటి దారి. దాని మీద తూము లేదు, పెట్టె లేదు, అందుకని పేరు కూడా లేదు.

హైమవతిగారు కంట్రోలరు మార్చింది. పలకని పెట్టెని ఇప్పుడది వెంటనే తీసెయ్యదు. దగ్గరలో ఉన్న లస్కరుకి ఫోను చేసి, వెళ్లి చూసిరమ్మంటుంది. అతను వెళ్లి చూసి చెప్పిందాకా ఆ పేరు తెర మీద పసుపు రంగులో ఉంటుంది. దానికి రెండో కేక అనే పేరు పెట్టిందట. ఇంకో నాలుగు జిల్లాల కాలువల మీద పెడుతున్నారు, ఆవిడకి ఏదో బహుమతి కూడా వచ్చింది. ఆ సభకి రమ్మని నాకు కార్డు పంపింది. వెళ్లలేదు. పోయినేడు నవమినాడు తాటిపాయ మీద ఇరవై రెండు పెట్టెలు ఆపితే ఇరవై రెండుసార్లు ఫోను మోగింది, ఇరవై రెండుసార్లూ "ఉన్నారు" అని నేనే జవాబు చెప్పాను.

ఇరవై మూడోదాని గురించి అది అడగలేదు. నాగరత్తం ఆ తాళాలగుత్తి ఇప్పటికీ నడుముకి దోపుకునే తిరుగుతుంది. అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను: సర్వే నంబరు రెండువందల పద్నాలుగు బై మూడు, చింతా నాగరత్తం పేర, ఒక ఎకరం ముప్పై ఎనిమిది సెంట్లు.